రాగి తీగ అసలుదేనా? ఇంట్లో వీట్‌స్టోన్ బ్రిడ్జి కట్టి తేల్చుకోవడం ఎలా

వైండింగ్ షాపులో కొన్న తీగ ఎర్రగా మెరుస్తుంది. లోపల అల్యూమినియం పెట్టి పైన రాగి పూత పూసినా అలాగే మెరుస్తుంది. దాని మీద ఎనామిల్ (కరెంటు బయటికి పోకుండా పూసే పొర) వేశాక కళ్లతో పోల్చుకోవడం కష్టం. కల్తీ రాగి సంగతి ఇంకా ఇబ్బంది, ఎందుకంటే అది లోపలా బయటా ఎర్రగానే ఉంటుంది. ఇలాంటి తీగ చుట్టిన మోటారు కొన్నాళ్లు బాగానే తిరుగుతుంది. తర్వాత వేడెక్కి కాలిపోయినప్పుడు నేరం వోల్టేజీ మీదకో మెకానిక్ మీదకో పోతుంది.

తీగలో కరెంటు ఎంత సులువుగా పారుతుందో, అంటే దాని వాహకత ఎంతో కొలిస్తే అసలు సంగతి బయటపడుతుంది. మల్టీమీటర్‌తో నేరుగా చూస్తే సరిపోదా అంటే, సరిపోదు. 30 గేజ్ రాగి తీగ 5 మీటర్లు తీసుకుంటే దాని నిరోధం, అంటే కరెంటుని అడ్డుకునే గుణం, 1.1 ఓం దాకా ఉంటుంది. చవక మల్టీమీటర్ 200 ఓంల రేంజిలో 0.1 ఓం చొప్పున మాత్రమే కదులుతుంది. పైగా మీటర్ వైర్లకే కొంత నిరోధం ఉంటుంది. 1.4 అని చూపిస్తే అందులో తీగది ఎంతో, వైర్లది ఎంతో ఎవరు చెప్తారు?

ఈ చిక్కుకి విరుగుడు 1833లోనే దొరికింది. లండన్ దగ్గరి వూలిచ్‌లో ఉన్న సైనిక అకాడమీలో లెక్కలు చెప్పే శామ్యూల్ హంటర్ క్రిస్టీ ఒక సర్క్యూట్ అమరిక రాసిపెట్టాడు. పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. పదేళ్ల తర్వాత, 1843లో, కింగ్స్ కాలేజీ ప్రొఫెసర్ చార్లెస్ వీట్‌స్టోన్ దాన్ని అందరి కళ్లలో పడేలా చేశాడు. ఇది క్రిస్టీ ఆలోచన అని నిజాయితీగా చెప్పాడు కూడా. అయినా పేరు మాత్రం వీట్‌స్టోన్‌దే నిలిచింది. ఇంటర్ ప్రాక్టికల్స్‌లో మీరు చేసిన మీటర్ బ్రిడ్జి దాని రూపమే. అప్పట్లో రికార్డు కోసం, మార్కుల కోసం చేసి ఉంటారు. ఇప్పుడు పనికొచ్చే పని కోసం చేద్దాం.

బ్రిడ్జి తక్కెడ లాంటిది. ఒక వైపు తెలిసిన నిరోధం, ఇంకో వైపు మీ తీగ. రెండూ తూగినచోట మీటర్ సున్నా చూపిస్తుంది. మీటర్‌ని మనం అడిగేది ఒక్కటే: కరెంటు ఉందా, లేదా? ఎంత ఉందో అక్కర్లేదు. అందుకే మీటర్ లెక్క అయిదు శాతం తప్పయినా ఇక్కడ నష్టం లేదు. బ్యాటరీ సగం అయిపోయినా ఫలితం మారదు.

ఏమేం కావాలి

110 సెంటీమీటర్ల పొడవు, ఒక జానెడు వెడల్పు ఉన్న ఎండిన చెక్క పలక. 26 గేజ్ నైక్రోమ్ తీగ మీటరున్నర. హీటర్ కాయిల్ విప్పి వాడుకోవచ్చని అనిపిస్తుంది కానీ వద్దు. ఆ వంకరలు ఎంత సాగదీసినా పూర్తిగా పోవు, వంగినచోటల్లా మందం మారిపోతుంది. కాలేజీ ల్యాబ్ సామాన్లు అమ్మేచోట చుట్టగా దొరికే కొత్త తీగ కొనండి. హైదరాబాద్ వాళ్లకి రెసిస్టర్లు, కనెక్టర్లు లాంటివి కోఠి గుజరాతీ గల్లీలో దొరుకుతాయి.

మీటర్ స్కేలు చెక్కదో స్టీలుదో అయి ఉండాలి. టైలర్ టేపు సాగుతుంది, అది పక్కన పెట్టండి. ఇంటి వైరింగ్‌లో వాడే 4 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు ఒక మీటరు తీసుకుని పైన ప్లాస్టిక్ ఒలిచేయండి. ఇత్తడి స్క్రూలు, వాషర్లు ఓ డజను. 1.5 వోల్టుల పెద్ద సెల్లు ఒకటి. బెల్లుకి వాడే పుష్ స్విచ్ ఒకటి. 10 ఓంల, 5 వాట్ల రెసిస్టర్ ఒకటి. ఇవి కాక ఒక శాతం ఖచ్చితత్వం ఉన్న 10 ఓంల చిన్న రెసిస్టర్లు పది. వీటికి చివరి పట్టీ గోధుమరంగులో ఉంటుంది. 200 మిల్లీవోల్టుల రేంజి ఉన్న మల్టీమీటర్ కూడా కావాలి. మామూలు డిజిటల్ మీటర్లలో ఆ రేంజి సాధారణంగా ఉంటుంది.

తెలిసిన నిరోధం తయారు చేయడం

పది రెసిస్టర్లనూ పక్కపక్కనే పేర్చండి. ఒక వైపు కాళ్లన్నీ ఒక లావు రాగి ముక్కకి, రెండో వైపు కాళ్లన్నీ ఇంకో రాగి ముక్కకి సోల్డరింగ్ చేయండి. పది 10 ఓంలు సమాంతరంగా కలిస్తే 1 ఓం. నేరుగా ఒక్క 1 ఓం రెసిస్టర్ కొనొచ్చు కదా అంటే, కొనొచ్చు. కానీ పదింటిలో ఒకటి కాస్త ఎక్కువుంటే ఇంకోటి కాస్త తక్కువుంటుంది, సగటున తప్పు తగ్గుతుంది. కరెంటు పది దారులుగా చీలడం వల్ల ఏదీ వేడెక్కదు కూడా. మీ కొలత మొత్తం ఈ 1 ఓం మీదే నిలబడుతుంది కాబట్టి ఇక్కడ తొందర పడకండి.

పలక కట్టడం

స్కేలుని పలక పొడవునా, అంచుకి దగ్గరగా అంటించండి. సున్నా దగ్గర ఒక ఇత్తడి స్క్రూ, 100 దగ్గర ఇంకోటి బిగించండి. నైక్రోమ్ తీగని రెండు వాషర్ల మధ్య నొక్కి పట్టేలా బిగించాలి. నైక్రోమ్‌కి మామూలు సోల్డర్ అంటుకోదు, ప్రయత్నించి విసుగు తెచ్చుకోవద్దు. వాషర్ అంచు నుంచి వాషర్ అంచు వరకు తీగ సరిగ్గా 100 సెంటీమీటర్లు ఉండాలి. వేలితో మీటితే బిగువుగా పలకాలి, అంతకంటే లాగితే తీగ సన్నబడుతుంది.

ఇప్పుడు పలక వెనక అంచున, తీగకి సమాంతరంగా, రాగి వైరుతో మూడు ముక్కలు అమర్చండి. ఎడమ ముక్క తీగ ఎడమ చివరి స్క్రూకి, కుడి ముక్క కుడి చివరి స్క్రూకి కలవాలి. నడిమి ముక్క దేనికీ కలవకుండా విడిగా ఉండాలి. ఎడమ ముక్కకీ నడిమి ముక్కకీ మధ్య ఒక గ్యాప్, నడిమి ముక్కకీ కుడి ముక్కకీ మధ్య ఇంకో గ్యాప్ వస్తాయి. ప్రతి గ్యాప్‌కి రెండు వైపులా ఒక్కో స్క్రూ పెట్టండి. రాగి ఇంత లావుది ఎందుకంటే, ఈ వైరు 10 సెంటీమీటర్ల ముక్కకి నిరోధం అర మిల్లీఓం కూడా ఉండదు, లెక్కలో వదిలేయొచ్చు. సన్నటి హుకప్ వైరు వాడితే దాని నిరోధం కూడా మీ ఫలితంలో కలిసిపోతుంది.

స్క్రూల కింద పడే ప్రతి రాగి చివరనీ ఎమరీ పేపర్‌తో మెరిసేదాకా రుద్దండి. ఈ బ్రిడ్జితో వచ్చే తలనొప్పుల్లో ఎక్కువ భాగం వదులు స్క్రూలు, మురికి చివర్లే.

సెల్లు, స్విచ్, 5 వాట్ల రెసిస్టర్ మూడింటినీ వరసగా కలిపి, ఒక కొస నైక్రోమ్ తీగ ఎడమ చివరికీ ఇంకో కొస కుడి చివరికీ ఇవ్వండి. ఆ 10 ఓంలు లేకపోతే సెల్లు నుంచి ఆంపియర్‌కి దగ్గర్లో కరెంటు లాగేస్తుంది, తీగలు వేడెక్కి నిరోధాలు మారిపోతాయి. అది ఉంటే కరెంటు 0.13 ఆంపియర్ల దగ్గర ఆగుతుంది. మల్టీమీటర్ నల్ల ప్రోబ్ నడిమి రాగికి క్లిప్పుతో పట్టించండి. ఎర్ర ప్రోబ్ మీ చేతిలో ఉంటుంది, ల్యాబ్‌లో జాకీ అని పిలిచేది ఇదే.

ఇది సెల్లుతో చేసే పని మాత్రమే. ప్లగ్గులో ఉన్న మోటారుకి గానీ, ఇంటి కరెంటుకి గానీ దీన్ని ఎప్పుడూ తగిలించకండి.

పరీక్షించాల్సిన తీగ

వైండింగ్ వైరు 5 మీటర్లు కొలవండి. రెండు గుర్తుల మధ్య పరిచి కొలవాలి, లాగి పట్టుకోకూడదు. ప్రతి చివరా రెండు సెంటీమీటర్లు అదనంగా ఉంచి, ఆ అదనపు భాగంలో ఎనామిల్‌ని బ్లేడుతో నెమ్మదిగా గీకి, ఎమరీతో శుభ్రం చేయండి. అగ్గిపుల్లతో కాల్చి తీసే అలవాటు చాలామందికి ఉంది. కాలిస్తే రాగి మీద నల్లటి పొర ఏర్పడి కాంటాక్టు పాడవుతుంది, పొగ కూడా మంచిది కాదు. మిగతా తీగని అట్టగొట్టం మీద వదులుగా చుట్టండి. స్క్రూ నుంచి స్క్రూ వరకు 5 మీటర్లు రావాలి.

చుట్టేముందు ఇంకో పని ఉంది. బంగారం షాపుల్లో ఉండే లాంటి, గ్రాములో వందో వంతు చూపించే కాటా మీద తీగని తూయండి. 30 గేజ్ రాగి 5 మీటర్లు మూడున్నర గ్రాములకి కాస్త అటూ ఇటూ ఉంటుంది, ఎనామిల్ వల్ల కొద్దిగా పెరుగుతుంది. పూత పూసిన అల్యూమినియం అయితే ఒకటిన్నర గ్రాము దగ్గరే ఆగిపోతుంది. అక్కడికక్కడే దొంగ దొరికినట్టే.

మరి ఇంత పలక కట్టడం దేనికి? బరువు లోహం ఏదో చెబుతుంది, అది ఎంత శుద్ధమో చెప్పదు. ఈ పాఠం నేర్పింది సముద్రం అడుగున వేసిన టెలిగ్రాఫ్ కేబుల్. అట్లాంటిక్ కేబుల్ సన్నాహాలు జరుగుతున్న రోజుల్లో, 1857లో, గ్లాస్గో ప్రొఫెసర్ విలియం థామ్సన్ కేబుల్ కోసం తెచ్చిన రాగి తీగల్ని కొలిచి చూశాడు. అన్నీ రాగే, అయినా ఒకదాని వాహకతకీ ఇంకోదాని వాహకతకీ పొంతన లేదు. తర్వాత అగస్టస్ మాథీసెన్ కారణం పట్టుకున్నాడు. ఆర్సెనిక్, ఫాస్ఫరస్ లాంటివి చిటికెడు కలిసినా రాగి వాహకత బాగా పడిపోతుంది. పదివేల వంతుల్లో నాలుగు వంతుల ఫాస్ఫరస్ ఉన్న రాగి వాహకత శుద్ధ రాగితో పోలిస్తే దాదాపు అయిదో వంతు తగ్గుతుంది. అంత చిన్న కల్తీ ఏ కాటాకీ అందదు, బ్రిడ్జికి అందుతుంది. పాత తీగలు కరిగించి మళ్లీ సాగదీసిన రాగి విషయంలో మనకీ కావాల్సింది ఇదే.

తూకం కుదర్చడం

ఎడమ గ్యాప్‌లో మీ 1 ఓం, కుడి గ్యాప్‌లో తీగ చుట్ట బిగించండి. మీటర్ 200 మిల్లీవోల్టుల రేంజిలో పెట్టండి. స్విచ్ నొక్కకుండా ప్రోబ్‌ని నైక్రోమ్ తీగ మధ్యలో ఆనించి చూడండి. 0.0 రావాలి. 0.1 వచ్చిందంటే రెండు లోహాలు కలిసినచోట చేతి వేడికి పుట్టిన చిన్న వోల్టేజీ కావచ్చు, కాసేపు ఆగండి. పోకపోతే ఆ 0.1నే మీ సున్నాగా తీసుకోండి.

ఇప్పుడు స్విచ్ నొక్కి, ప్రోబ్‌ని 5 సెంటీమీటర్ల దగ్గర ఆనించండి. తర్వాత 95 దగ్గర. ఒకచోట మైనస్ వస్తే రెండోచోట ప్లస్ రావాలి. ఈ పరీక్ష ఎప్పుడూ వదిలిపెట్టకండి. రెండుచోట్లా ఒకే గుర్తు వచ్చిందంటే ఎక్కడో ఒక దారి తెగి ఉంది, ఎక్కువసార్లు ఎనామిల్ సరిగ్గా పోని చివరే కారణం. ఎక్కడ ఆనించినా సున్నానే వస్తుంటే సెల్లు వైపు చూడండి.

గుర్తు మారుతుంటే మధ్యలో ఎక్కడో సున్నా ఉన్నట్టే. ప్రోబ్‌ని తీగ మీద ఈడ్చకండి, ఈడిస్తే తీగ అరిగి ఆ చోట సన్నబడుతుంది. ఎత్తి, జరిపి, మెత్తగా ఆనించండి. మొదట 5 సెంటీమీటర్ల అంగలు, తర్వాత 1 సెంటీమీటరు, ఆ తర్వాత మిల్లీమీటర్లు. ఈ అమరికలో ఒక్క మిల్లీమీటరుకి దాదాపు 0.2 మిల్లీవోల్టులు మారుతుంది, అంటే చవక మీటర్‌తోనే అర మిల్లీమీటరు దాకా పట్టుకోవచ్చు. ప్రతిసారీ స్విచ్ కాసేపే నొక్కి వదలండి.

చేతిలో మీటర్ ఉన్నందుకు సంతోషించండి. 1770లలో ఇంగ్లండ్ శాస్త్రవేత్త హెన్రీ కావెండిష్‌కి అదీ లేదు. లేడెన్ జాడీలో (విద్యుత్తుని నిలవ చేసే గాజు సీసా) నింపిన విద్యుత్తుని ఉప్పునీటి గొట్టాల గుండా, తన ఒంటి గుండా పంపించి, ఏ షాక్ గట్టిగా తగిలిందో పోల్చుకునేవాడు. ఆ పద్ధతిలోనే వాన నీటికంటే ఇనుప తీగ 40 కోట్ల రెట్లు బాగా విద్యుత్తుని పంపుతుందని లెక్క కట్టాడు! ఆ లెక్కలున్న కాగితాల్ని వందేళ్ల తర్వాత భౌతిక శాస్త్రవేత్త మాక్స్‌వెల్ వెలికితీసి, 1879లో అచ్చు వేయించాడు.

సున్నా దొరికిన చోటు రాసుకున్నాక 1 ఓంనీ తీగ చుట్టనీ గ్యాప్‌లు మార్చి మళ్లీ కొలవండి. విసుగనిపించినా ఇది తప్పనిసరి. తీగ చివర్లలో వాషర్ కింద ఉండే కాస్త నిరోధం, స్కేలు అర మిల్లీమీటరు పక్కకి అంటుకోవడం లాంటి తప్పులు ఒకసారి ఫలితాన్ని పెంచితే ఇంకోసారి తగ్గిస్తాయి. సగటు తీస్తే చాలావరకు కొట్టుకుపోతాయి.

లెక్క

ఉదాహరణకి, మొదటిసారి ఎడమ నుంచి 46.4 సెంటీమీటర్ల దగ్గర సున్నా వచ్చిందనుకుందాం. మార్చాక 53.8 వచ్చింది. రెండోసారి 1 ఓం కుడివైపు ఉంది కాబట్టి దాని వాటా 100 లోంచి 53.8 తీసేస్తే 46.2. సగటు 46.3. తీగ వాటా 53.7.

తీగ నిరోధం = 1 × 53.7 ÷ 46.3 = 1.16 ఓం.

వాహకత కావాలంటే తీగ పొడవుని, నిరోధాన్ని అడ్డుకోత వైశాల్యంతో గుణించగా వచ్చిన సంఖ్యతో భాగించాలి. 30 గేజ్ తీగ వ్యాసం 0.315 మిల్లీమీటర్లు, వైశాల్యం 0.0779 చదరపు మిల్లీమీటర్లు. 5 మీటర్లకి లెక్క వేస్తే మీటరుకి 5.53 కోట్ల సీమెన్స్ (వాహకతని కొలిచే ప్రమాణం) వస్తుంది.

ఆగండి, ఇంకా అయిపోలేదు. రాగికి ప్రామాణిక విలువ 20 డిగ్రీల దగ్గర చెప్తారు. మన గదుల్లో 20 డిగ్రీలు ఎప్పుడు చూశాం? రాగి నిరోధం డిగ్రీకి 0.39 శాతం చొప్పున పెరుగుతుంది. గదిలో 32 డిగ్రీలుంటే 12 డిగ్రీలకి 4.7 శాతం. 5.53ని 1.047తో గుణిస్తే 5.79 కోట్లు. మే నెలలో 40 డిగ్రీల గదిలో ఈ సవరణ చేయకుండా వదిలేస్తే మంచి రాగికి కూడా ఎనిమిది శాతం కల్తీ అంటగడతారు. కాబట్టి చుట్ట పక్కనే ఒక థర్మామీటర్ పెట్టుకోండి. ఎండ పడేచోట, ఫ్యాను గాలి నేరుగా తగిలేచోట కొలవకండి.

1913లో అంతర్జాతీయ ఎలక్ట్రోటెక్నికల్ కమిషన్ ప్రామాణిక రాగికి 5.8 కోట్ల సీమెన్స్‌ని 100 శాతంగా ఖాయం చేసింది. మన ఉదాహరణలో తీగ దాదాపు 100 శాతం. పూత పూసిన అల్యూమినియం అయితే 3.5 నుంచి 4 కోట్ల మధ్య వస్తుంది. అప్పుడు సున్నా 46 దగ్గర కాకుండా 35 దగ్గరికి జరిగిపోతుంది, అంటే లెక్క వేయకముందే తెలిసిపోతుంది. 5.6 దాటితే వైండింగ్‌కి నిశ్చింతగా వాడుకోవచ్చని నా అభిప్రాయం. 5 కంటే తక్కువ వస్తే ఆ చుట్ట వెనక్కి ఇచ్చేయండి.

ఈ రెంటి మధ్య వస్తే ముందు తీగ మందాన్ని అనుమానించండి. గేజ్ రాసినంత మందం తీగ లేకపోవచ్చు. స్క్రూగేజితో కొలవాలంటే ఎనామిల్ తీసినచోట, అయిదారు స్థలాల్లో చూసి సగటు తీయండి. అయినా 0.01 మిల్లీమీటరు తేడాకి వైశాల్యం ఆరు శాతం మారిపోతుంది. బ్రిడ్జి ఇచ్చే తప్పు కంటే ఇది ఎన్నో రెట్లు పెద్దది. అందుకే ఇక్కడ కాటాని నమ్మడం మేలు. గ్రాముల్లో బరువుని రాగి సాంద్రత 8.96తోనూ, మీటర్లలో పొడవుతోనూ భాగిస్తే వైశాల్యం చదరపు మిల్లీమీటర్లలో వస్తుంది. ఎనామిల్ బరువు తీసేయడానికి, ఒక మీటరు ముక్క విడిగా కోసి ఎనామిల్ అంతా గీకేసి తూస్తే సరి.

లావు తీగలు, ఇంకా నీళ్లు

సున్నా 30కీ 70కీ మధ్య పడేలా చూసుకోండి. మధ్యలో ఒక మిల్లీమీటరు తప్పు చూస్తే ఫలితం 0.4 శాతమే మారుతుంది, 10 దగ్గరయితే 1.1 శాతం. 20 గేజ్ లాంటి లావు తీగ 5 మీటర్ల నిరోధం 0.14 ఓం దగ్గరే ఉంటుంది. అలాంటప్పుడు పొడవు 20 మీటర్లకి పెంచి, తెలిసిన నిరోధాన్ని అర ఓంకి దించండి, అంటే రెసిస్టర్లు ఇరవై. ఇంకా లావైతే స్క్రూల దగ్గరి నిరోధమే తీగ నిరోధంతో పోటీ పడుతుంది, ఈ పలక చాలదు. థామ్సన్‌కి కూడా అదే సమస్య వచ్చి 1860లలో డబుల్ బ్రిడ్జి తయారు చేశాడు.

బోరు నీళ్ల వాహకత కూడా దీంతోనే చూద్దామనిపిస్తే ఈ సెల్లుతో చేయకండి. నీళ్లలో ముంచిన పలకల మీద క్షణాల్లో వాయువులు చేరి, సున్నా జరిగిపోతూ ఉంటుంది. జర్మనీలో ఫ్రీడ్రిష్ కోల్‌రౌష్ దీనికి ఏసీ కరెంటు వాడాడు. మీటర్‌కి బదులు టెలిఫోన్ చెవి దగ్గర పెట్టుకుని, మోత ఆగినచోట సున్నా అని గుర్తుపట్టేవాడు. వాటర్ ప్లాంటుల్లో వాడే టీడీఎస్ పెన్ను కూడా నీళ్లలోకి ఏసీ పంపి వాహకతనే కొలుస్తుంది, దాన్ని ఒక స్థిర సంఖ్యతో గుణించి పీపీఎంగా చూపిస్తుంది. నీళ్లకి ఆ పెన్ను కొనుక్కోవడమే తేలిక.